సమస్యాపూరణం: ఊరు లేని దారి యూరుఁ జూపె

ఈ వారం సమస్య (నిర్వాహకుడు)

ఊరు లేని దారి యూరుఁ జూపె

ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. అమెరికాలో యూటా రాష్ట్రంలో ఐ-70 హైవే మీద సలైనా నుంచి గ్రీన్ రివర్ దాకా 100 మైళ్ళకు పైగా పెట్రోలు బంకు లేదు, టీకొట్టు సంగతి సరేసరి. ముందు ఏమీ దొరకదని బోర్డే చెప్పేస్తుంది. అక్కడ పుట్టిన పాదం ఇది. ఊరు లేకపోవడం, ఊరు కనిపించడం, రెండూ పద్యంలో తేలాలి. కళ్ళు చెమర్చాయని సరిపెట్టేస్తే ఒప్పుకోను.

అట్లాంటా నుంచి (సొంతూరు కదిరి దగ్గర)

జార్జియాన నెదుట శనగకాయ లుడికె
నావిరెగసి వచ్చె నమ్మ చేతి
కుండ వాసనేమొ, కూడలే లేదాయె!
ఊరు లేని దారి యూరుఁ జూపె

దక్షిణ జార్జియాలో రోడ్డు పక్కన పెద్ద గంగాళంలో ఉప్పునీళ్ళు పోసి పచ్చి శెనక్కాయలు ఉడకేస్తారు. తడితడిగానే పొట్లం కట్టి ఇస్తారు. మా ఉమ్మడి అనంతపురం జిల్లావాళ్ళం అక్కడ బండి ఆపకుండా ఎట్లా పోతాం?

నిర్వాహకుడు: పద్యంలో ఆవిరి తగిలింది. కానీ "ఏమొ" ఎందుకు? అమ్మ కుండ వాసన మీద అనుమానమా? "వాసనయ్యె" అనండి, గణం (అక్షరాల కొలత) చెడదు.

డాలస్ సభ్యుడు: జార్జియాలో 159 కౌంటీలు. అక్కడ ఊరు లేని దారి దొరకడమే కష్టం కదా!

కదిరి సభ్యుడు: వాల్డోస్టా దాటినాక అడ్డదారి పట్టి చూడన్నా, అప్పుడు మాట్లాడుదాం.

లబ్బక్ నుంచి (సొంతూరు వరంగల్ దగ్గర)

పత్తి చేలు విరిసె పశ్చిమ టెక్సాసు
గాలి మరలు తిరిగె మెల్ల మెల్ల
ఓరుగల్లు సంత యొకసారి మెదిలెను
ఊరు లేని దారి యూరుఁ జూపె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం పొసగడం) తప్పింది. "గా"కు "మె" కుదరదు. "గట్టు వెంట" అంటే సరిపోతుంది. అసలు లోటు మూడో పాదంలో ఉంది. "ఒకసారి మెదిలెను" అంటే ఏం కనిపించినట్టు? పత్తి బేరం చూసినవారు ఎనుమాముల మార్కెట్టు పేరు చెప్పకుండా వదిలేయడమేమిటి? ఇలా మార్చి చూడండి:

ఎడ్ల బండ్ల వరుస యెనుమాముల యెదుట

లబ్బక్ సభ్యుడు: బాగుంది సార్. నేను చూసింది గుండ్రటి పత్తి మోపులు. గులాబీ రంగు, పసుపు రంగు ప్లాస్టిక్ చుట్టి, చేను గట్టు మీద మనిషికంటే ఎత్తుగా వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అవి పద్యంలో ఇమడలేదు.

నిర్వాహకుడు: ఇమడాల్సింది అవే. గాలిమరలు తీసేసి వాటిని పెట్టి మళ్ళీ రాయండి.

(మధ్యలో యూటా ఎర్రరాళ్ళ మీద మూడు పూరణలు వచ్చాయి. మూడింట్లోనూ గండికోటే. ఆ పోలిక ఇప్పటికే అరిగిపోయింది, కాబట్టి వాటిని పక్కన పెట్టాను.)

లాస్ వేగస్ నుంచి (సొంతూరు నందికొట్కూరు వైపు)

నీట మునిగి తేలె నెవడాన నొకపల్లె
మెట్లు మిగిలె నచట మిద్దె లేక
కృష్ణ మింగినట్టి గృహములే మదిలోన
ఊరు లేని దారి యూరుఁ జూపె

హూవర్ డ్యాం కట్టాక 1938లో సెయింట్ థామస్ అనే ఊరు మీడ్ సరస్సు కింద మునిగింది. ఈ శతాబ్దంలో సరస్సు తగ్గేసరికి బయటపడింది. మట్టిరోడ్డున పోతే పునాదులు, ఎటూ పోని మెట్లు కనిపిస్తాయి. మా ఊరిని శ్రీశైలం డ్యాం కోసం 1981లో ఖాళీ చేయించారు. ఎండాకాలంలో నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి బయటికొస్తుంది కదా, ఆ వైపే.

నిర్వాహకుడు: సమస్య ఇచ్చినప్పుడు ఈ అర్థం నాకు తట్టనే లేదు. ఇక్కడ దారికీ ఊరు లేదు, కవికీ ఊరు లేదు. పూరణ అంటే ఇది.

డాలస్ సభ్యుడు: అంతా బాగుంది గానీ "గృహములే" దగ్గర పుస్తకం వాసన వచ్చింది. మునిగిన ఊళ్ళో ఎవరూ గృహం అనరు. "గిరకబావియుఁ దోచె" అంటే ఎలా ఉంటుంది? యతీ కుదురుతుంది, గణాలూ సరిపోతాయి.

వేగస్ సభ్యుడు: మా వీధిలో గిరకబావి నిజంగానే ఉండేది. నీళ్ళ కోసం పొద్దున్నే బిందెల గొడవ. మార్చేశాను.

నిర్వాహకుడు: ఈ వారం మొదటి స్థానం దానికే. వచ్చే వారం తేటగీతి:

వాన లేకయే తడిసెను బాట యెల్ల

వ–బ యతి చెల్లదని ఎవరూ వాదనకు దిగొద్దు, చెల్లుతుంది. గడువు ఆదివారం రాత్రి.