ఏడీహెచ్‌డీ కాగితం స్కూలుకు ఇవ్వాలా, దాచాలా?

తొమ్మిదో తరగతి అమ్మ:
మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. హైదరాబాద్‌లో సీబీఎస్‌ఈ స్కూలు. అల్లరి లేదు, ఎదురు చెప్పదు, క్లాసులో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. హోంవర్కు చేస్తుంది, ఇవ్వడం మరిచిపోతుంది. లెక్క సరిగ్గానే మొదలుపెట్టి మధ్యలో మైనస్‌ను ప్లస్ చేసేస్తుంది. సైకియాట్రిస్టు ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే మనసును ఒకచోట నిలపలేని ఇబ్బంది. గెంతులు, పరుగులు లేని రకమట. ఆడపిల్లల్లో ఇది ఆలస్యంగా బయటపడుతుందట. ముందు బెంచీలో కూర్చోబెట్టాలని, డైరీ రాసుకుందో లేదో టీచరు ఒకసారి చూడాలని, పరీక్షలో కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలని అడుగుదామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ప్రిన్సిపాల్, "పదో తరగతి ఇక్కడ కష్టం, టీసీ తీసుకుని ఓపెన్ స్కూలు చూసుకోండి" అన్నారు. ఇప్పుడు డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించాలా, వద్దా?

గోదావరి గట్టు:
చూపించకండి. నూటికి నూరు శాతం ఫలితాల ఫ్లెక్సీ కట్టుకునే స్కూలుకు ఆ కాగితం ఇస్తే రేపే టీసీ చేతిలో పెడతారు.

లెక్కల మాస్టారు:
పాతికేళ్లకు పైగా పాఠం చెప్పినవాడిగా ఒక మాట. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 21 వైకల్యాల జాబితా ఉంది. ఆటిజం ఉంది, చదవడంలో, రాయడంలో, లెక్కల్లో ఇబ్బంది కలిగించే అభ్యసన వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు. జాబితాలో లేని దానికి హక్కు ఎక్కడిది? టీచరు దయతలచి చేస్తే చేసినట్టు.

రెండో బెంచీ:
మాస్టారూ, చట్టాన్ని చివరి పేజీ నుంచి చదివారు. ఆ 21 ఉన్నది షెడ్యూల్లో. మొదట్లో ఇచ్చిన నిర్వచనం వేరు: దీర్ఘకాలిక లోపం ఉండి, దానివల్ల నలుగురితో సమానంగా పాల్గొనలేకపోతే చాలు. పిల్లలందరినీ కలిపి చదివించాలి, తగిన సదుపాయాలు ఇవ్వాలి అనే 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడికీ వర్తిస్తుంది, ప్రైవేటు బడికి కూడా. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, 40 శాతం వైకల్యం లేకపోయినా పరీక్షకు లేఖకుడిని, అంటే చెబుతుంటే రాసిపెట్టే మనిషిని, ఇవ్వాలని తీర్పు చెప్పింది. మా వాడి కోసం ఇదంతా నేర్చుకున్నాను, అప్పటికే వాడు బడి మానేశాడు.

లెక్కల మాస్టారు:
ఆ తీర్పు సివిల్స్ అభ్యర్థిది. రాస్తుంటే చెయ్యి పట్టేసే జబ్బు ఆయనకు. ముందు బెంచీ గురించి అందులో ఒక్క వాక్యం చూపించండి.

డాలస్ బాబాయి:
అమెరికాలో 1973 చట్టంలోని 504వ సెక్షన్ ఉంది. మా అబ్బాయికి శాతాలు అడగలేదు. బడివాళ్లు, మేము కలిసి కూర్చుని ఏయే సదుపాయాలు కావాలో కాగితం మీద పెట్టుకున్నాం. పరీక్ష వేరే గదిలో, ఎక్కువ సమయంతో.

లెక్కల మాస్టారు:
బాబాయి గారూ, ఆ బడిలో తరగతికి ఎంతమంది పిల్లలో కూడా చెప్పండి.

కౌన్సెలింగ్ గది:
తల్లిగారికి రెండు మాటలు. ఏడీహెచ్‌డీతో పాటు రాత ఇబ్బందో, లెక్కల ఇబ్బందో ఉండటం చాలా మామూలు, ఆ పరీక్ష కూడా చేయించండి. అభ్యసన వైకల్యం తేలి సర్టిఫికెట్ వస్తే అది జాబితాలోనే ఉంది కనుక పరీక్షలో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం అడగవచ్చు. ఇక, డాక్టరు టీచరుతో నింపించమని ఫారం ఏదైనా ఇచ్చారా?

తొమ్మిదో తరగతి అమ్మ:
ఇచ్చారు, ఇంకా బ్యాగులోనే ఉంది.

కౌన్సెలింగ్ గది:
మరి దాచడం ఎలా కుదురుతుంది? లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే ఈ నిర్ధారణ నిలబడుతుంది. టీచరు ఫారం నింపకపోతే డాక్టరుకు సగమే తెలుస్తుంది.

లెక్కల మాస్టారు:
అమ్మా, ఒకటి అడుగుతాను. పాప బొమ్మలు వేస్తుందా? ఎంతసేపు?

తొమ్మిదో తరగతి అమ్మ:
వేస్తుందండీ. అన్నానికి పిలిచినా వినిపించదు.

లెక్కల మాస్టారు:
మనసు పెడితే నిలుస్తోంది కదా. కాగితం చేతికొస్తే "నాకు జబ్బు" అని ఆ కాస్త ప్రయత్నమూ మానేస్తుంది.

రెండో బెంచీ:
సరిగ్గా ఈ మాటే! "క్రికెట్ స్కోరు గుర్తుంటుంది, ఎక్కం గుర్తుండదా" అని మా వాడిని ఏడాదంతా తరగతి బయట నిలబెట్టారు, మీలాంటి లెక్కల మాస్టారే. ఇష్టమైన దానికి అతుక్కుపోవడం, ఇష్టంలేని దానికి ఎంత ప్రయత్నించినా మనసును లాక్కురాలేకపోవడం, రెండూ ఆ జబ్బులోనివే. బయట నిలబడి వాడు నేర్చుకున్నది ఒకటే, బడి ఎగ్గొట్టడం.

లెక్కల మాస్టారు:
నేనెవరినీ బయట నిలబెట్టలేదు. నిలబెట్టే తీరిక కూడా లేదు. తరగతికి 52 మంది, రోజుకు ఆరు పీరియడ్లు, ఆ పైన పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగడం. ఈవిడ కోసం ఒక డైరీ చూస్తాను. వచ్చే నెల పదిమంది కాగితాలతో వస్తారు. సీబీఎస్‌ఈ అఫిలియేషన్ నిబంధనల్లో స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచరు, ఉండాలని ఉంది. నేను పనిచేసిన బడిలో ఆ పోస్టులో సంగీతం టీచరు పేరు రాసుకున్నారు. తనిఖీ రోజున ఆవిడే స్పెషల్ ఎడ్యుకేటర్.

రెండో బెంచీ:
అలాగైతే మీ కోపం యాజమాన్యం మీద. ఆ జాబితా తీసుకొచ్చి ఈ తల్లి ముందు ఎందుకు పెట్టారు?

లెక్కల మాస్టారు:
మీరు చట్టం పేరు చెప్పి రాసే ఉత్తరం యాజమాన్యం దగ్గర ఆగదు కాబట్టి. క్లాస్ టీచరును పిలిచి "నువ్వు చూసుకో" అంటారు. ఫీజు తీసుకున్నవాడు పక్కకు తప్పుకుంటాడు, మీరూ నేనూ కొట్టుకుంటాం.

గోదావరి గట్టు:
ఓపెన్ స్కూలు అంత చెడ్డదా? అయిదు సబ్జెక్టులు, వాటిలో భాష ఒకటి ఉంటే చాలు.

రెండో బెంచీ:
పిల్ల కోరుకుంటే మంచిదే. ఫ్లెక్సీ కోసం తరిమేస్తే కాదు.

తొమ్మిదో తరగతి అమ్మ:
మీరందరూ స్కూలు గురించి చెబుతున్నారు. మొదట్లోనే చెప్పవలసింది, కాగితం వద్దంటున్నది మా ఆయన. ఆడపిల్ల, రేపు సంబంధం చూసేటప్పుడు ఎవరైనా తవ్వి తీస్తారని. మా అత్తగారైతే డాక్టరు దగ్గరికి వెళ్లిన సంగతే ఎవరికీ చెప్పవద్దన్నారు. పిల్ల మాత్రం "నేను మొద్దునా అమ్మా" అని అడుగుతోంది. ఉత్తరం రాస్తే నా ఒక్కదాని సంతకం చాలుతుందా?

రెండో బెంచీ:
చాలుతుంది. మీ ఆయనతో తర్వాత మాట్లాడుకోండి, ఏడాది ఆగదు.

కౌన్సెలింగ్ గది:
పిల్లను కూడా అడగండి. కాగితం తనది.

లెక్కల మాస్టారు:
ఉత్తరం ప్రిన్సిపాల్ పేరు మీద రాయండి. స్పెషల్ ఎడ్యుకేటర్ ఎవరో, పాపను వారంలో ఎప్పుడు చూస్తారో రాతపూర్వకంగా తెలపమనండి. టీసీ మాట అన్న తేదీ కూడా వేయండి. క్లాస్ టీచరు పేరు ఎక్కడా రాయవద్దు. ఆఫీసులో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర వేయించుకోండి.