అప్‌డేట్: పబ్ క్లబ్‌లో బోర్డ్ గేమ్స్‌కి ఒక్కదాన్నే వెళ్లొచ్చాను

పబ్‌లో బోర్డ్ గేమ్స్ ఆడే క్లబ్‌కి ఒక్కదాన్నే వెళ్లొచ్చా, ఆటలూ రావు, తెలిసినవాళ్లూ లేరు అని అడిగాను కదా. వెళ్లాను. ఎంత బాగా గడిచిందో!

మీరు చెప్పినట్టే మొదలయ్యే టైమ్‌కి చేరుకున్నాను. అదే మంచిదైంది, కటాన్ లాంటి ఆటలు మొదలైపోతే మధ్యలో చేరలేం. నడిపే ఆవిడ నన్ను నేరుగా కోడ్‌నేమ్స్ అనే పదాల ఆట టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. 25 పదాల కార్డులు, రెండు జట్లు. క్లూ ఇచ్చేవాళ్లు ఒక్క మాట, అది ఎన్ని కార్డులకి సరిపోతుందో చెప్పే ఒక అంకె తప్ప ఇంకేమీ అనకూడదు. మా జట్టుకి క్లూ ఇచ్చే ఆయన "నీరు, మూడు" అని మొహం బిగించుకుని కూర్చున్నారు. మేం ముగ్గురం ఏ కార్డు ముట్టుకోవాలా అని వాదులాడుకున్నాం. పేర్లు అడగడం ఆ తర్వాతే! కొత్తవాళ్లకి ముందు ఈ ఆటే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

తర్వాత కటాన్. పాచికల్లో 7 పడింది, చేతిలో ఎనిమిది కార్డులున్న నాకు సగం పోయాయి. అయినా పక్కనాయన ఓపిగ్గా నేర్పించారు.

మందు తాగకపోతే ఏమనుకుంటారో అన్న బెంగ అనవసరం, ఎవరూ పట్టించుకోలేదు. గ్లాసులు మాత్రం పక్క స్టూల్ మీదే పెట్టాలి, కార్డులు తడవకుండా.

వచ్చేసారి టికెట్ టు రైడ్ అనే ఆట ఆడతారట. ముందే తెలుసుకోవాల్సినవి ఉంటే చెప్పండి, ప్లీజ్.