మాంట్రియల్‌లో చలికాలపు దీపాల ప్రదర్శనకు అమ్మను, ఆరేళ్ల పాపను తీసుకెళ్లవచ్చా?

అడిగినవారు: కనకాంబరం (ఒట్టావా)

అందరికీ నమస్కారం. మా అమ్మ సూపర్ వీసా (ఇక్కడ ఉంటున్నవాళ్ల తల్లిదండ్రులకు ఇచ్చేది) మీద నవంబరులో వచ్చింది. ఇక్కడి చలి చూసిన రోజు నుంచి కిటికీ పక్కన కుర్చీ దిగడం లేదు. క్రిస్మస్ సెలవుల్లో ఒక రాత్రి మాంట్రియల్ తీసుకెళ్లి, ఊరి నడిబొడ్డున ప్రతి చలికాలం పెట్టే ల్యూమినోతెరపీ ప్రదర్శన చూపించాలని నా కోరిక. ముట్టుకుంటే వెలిగేవి, ఊపితే పలికేవి ఉంటాయని విన్నాను. మావారు మాత్రం "సీరియల్ బల్బులు చూడటానికి 200 కిలోమీటర్లు పోవాలా, ఫోనులో చూపించు" అంటున్నారు.

అమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఫ్రెంచి సంగతి అటుంచండి, ఇంగ్లీషు కూడా రెండు ముక్కలే. అక్కడికి వెళ్లి ఒక పక్కన వణుకుతూ నిలబడటమే అవుతుందా? పాప చలిలో అరగంట కంటే ఆగదు. చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మంచుముద్ద

టికెట్ లేదు, దానికోసం వరుసలో నిలబడే పని లేదు, ఆరుబయట చౌకులో నడుస్తూ చూడటమే. కారును కాంప్లెక్స్ దెజార్దాన్ కింద పార్కింగులో పెట్టండి. లోపలే తినడానికి దుకాణాలున్నాయి, రోడ్డు దాటితే ప్రదర్శన. అక్కడి నుంచి ప్లాస్ దెజార్ మెట్రో వరకు నేల కిందనే దారి కూడా ఉంది. పాప గోల పెట్టగానే లోపలికి, ఊరుకోగానే బయటికి. ఫోను కోటు లోపలి జేబులో ఉంచండి. మైనస్ 15లో బయటకు తీస్తే సగం ఛార్జింగు ఉన్నది కూడా చటుక్కున ఆరిపోతుంది.

పాత లైటింగు మాస్టారు

అమ్మా, పాతికేళ్లకు పైగా తెనాలి, గుంటూరు చుట్టుపక్కల పరిషత్తు నాటకాలకు లైటింగ్ చేసినవాణ్ని నేను. 2014లో మా అబ్బాయి దగ్గరకు మాంట్రియల్ వచ్చాను. దీపాల విషయంలో నాకు కొంచెం పొగరు ఉంది, అది ముందే ఒప్పుకుంటున్నాను. ఆ డిసెంబరులో మావాడు "నాన్నా, లైట్లు చూసొద్దాం రా" అన్నప్పుడు మీవారు అన్న మాటే నేనూ అన్నాను.

ఆ ఏడు పెట్టినది ప్రిస్మాటికా. టొరంటోలోని రా డిజైన్ అనే సంస్థ తయారుచేసింది. ప్లాస్ దే ఫెస్టివాల్ అనే చౌకులో మనిషి కంటే ఎత్తైన పట్టకాలు 50, మంచులో నాటినట్టు నిలబెట్టారు. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని ఒక దాని ముందు నిలబడ్డాను. గులాబీ రంగుగా ఉంది. రెండడుగులు పక్కకు వేశాను, పచ్చగా అయింది. ఎక్కడో రంగులు మార్చే యంత్రం ఉందనుకుని వెతికాను. లేదు. కింద మామూలు తెల్లని దీపాలే.

మా రోజుల్లో రంగు కావాలంటే స్పాట్ లైటు ముందు జెలటిన్ కాగితం బిగించేవాళ్లం. ఎర్ర కాగితం ఎరుపును వదిలి మిగతా రంగులన్నిటినీ మింగేస్తుంది. మింగినదంతా వేడి. రెండో అంకానికల్లా నడిమధ్యన మాడి చిల్లు పడేది, ఆ చిల్లులోంచి తెల్లటి వెలుగు సరిగ్గా నాయిక ముక్కు మీద పడేది. ఇక్కడ పట్టకానికి అంటించినది డైక్రోయిక్ పొర. అది వెలుగును మింగదు. కొన్ని రంగులను దాటనిస్తుంది, మిగతావాటిని తిప్పికొడుతుంది. ఏది దాటాలి, ఏది తిరిగి రావాలి అన్నది మనం నిలబడిన కోణాన్ని బట్టి మారుతుంది. సబ్బు బుడగ మీద రంగులు కదిలేది కూడా దాదాపు ఇలాగే. దగ్గరకు వంగి చూస్తే నా ఊపిరి దాని మీద మంచుగా పేరుకుంది, ఆ పేరుకున్న చోట రంగు లేదు. చేతి తొడుగుతో తుడిచాను, మళ్లీ వచ్చింది.

అప్పుడు మావాడు "తిప్పు నాన్నా" అన్నాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. భుజం ఆనించి తోశాను. తిరగడం మొదలవగానే గంటల శబ్దం. ఇంకా గట్టిగా తోస్తే గంటలూ పెరిగాయి. వదిలేశాను, మెల్లగా ఆగింది, గంటలూ ఆగాయి. అవతలి వైపు నుంచి ఎవరో పిల్ల, టోపీలోంచి ముక్కు మాత్రమే కనిపిస్తోంది, దాన్ని వెనక్కి తోసింది. నేను ముందుకు తోశాను. ఇలా పది నిమిషాలు. ఆ పిల్లకు నాతో మాటతో పని పడలేదు, నాకూ పడలేదు.

మరుసటి చలికాలం ఇంపల్షన్ పెట్టారు. అదీ టొరంటోవాళ్లు, లేటరల్ ఆఫీస్ అనే వాస్తుశిల్పుల బృందం, ఇక్కడి సిఎస్ డిజైన్ అనే లైటింగ్ సంస్థతో కలిసి చేసినది. సంగీతం మిచెల్ అకియామా. తెల్లని ఊగుడు బల్లలు (సీ-సా), పిల్లలు పార్కులో ఊగేవే, 30. అన్నీ ఒకే పొడవు కావు. లోపల దీపాలు, ఒక్కోదానికి దాని స్పీకరు. ఖాళీగా ఉన్నప్పుడు మసకగా ఉంటాయి, ఊగితే వెలుగు పెరిగి స్వరాలు వస్తాయి.

మావాడు కాఫీకి వెళ్లాడు. నేను ఒక కొస మీద కూర్చున్నాను. ఏముంది, అవతలి కొస ఆకాశంలో, నేను నేల మీద. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. లేచిపోదామనుకునేంతలో బొచ్చు టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ, నా ఈడే ఉంటుంది, ఏదో అడిగింది. ఏమందో ఇప్పటికీ తెలియదు. అవతలి కొస కిందికి లాగి కూర్చుంది. నేను గాల్లోకి లేచాను. బల్ల పొడవునా వెలుగు లేచింది, నా కాళ్ల మధ్య నుంచి స్వరం మొదలైంది. మైనస్ 18లో ఇద్దరు ముసలివాళ్లం ఊగుతూ ఉంటే మావాడు రెండు కప్పులు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

నాకు అప్పుడు గుర్తుకొచ్చింది ఉప్పునీటి డిమ్మరు. ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. నేను పనిలో చేరిన కొత్తలో చిన్న బృందాలకు డిమ్మరు కొనే స్తోమత ఎక్కడిది? పింగాణీ జాడీలో ఉప్పునీళ్లు పోసి, రెండు లోహపు రేకులు పెట్టి, కరెంటును ఆ నీళ్లలోంచి పంపేవాళ్లం. పై రేకును తాడుతో కిందికి దించితే దీపం పెరిగేది, పైకి లాగితే తగ్గేది. నీళ్లు కాగి ఆవిర్లు వచ్చేవి. షాకు కొట్టిన రోజులూ ఉన్నాయి, ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. తెల్లవారే దృశ్యానికి నేను తాడు పట్టుకుని అంగుళం అంగుళం దించేవాణ్ని. వేదిక మీద సూర్యోదయం నా మణికట్టులో ఉండేది. ప్రేక్షకులకు ఆ సంగతి తెలియదు, నాకు మాత్రమే తెలుసు. ఆ రాత్రి బల్ల మీద నేను కిందికి దిగుతుంటే వెలుగు లేస్తోంది. పాతికేళ్లు నేనొక్కణ్నే అనుభవించిన సుఖాన్ని వీళ్లు దారిన పోయేవాళ్లందరికీ పంచిపెట్టేశారు. నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కూడా కలిగింది.

మీ అమ్మగారి మోకాళ్ల సంగతి. ప్రతి ఏడూ అక్కడ పెట్టేవి మారుతుంటాయి కనుక ముందుగా ఆ ఏటి ఫొటోలు చూసి, చేత్తో కదిపేవో కూర్చుని ఆడించేవో ఉన్నాయేమో చూసుకోండి. మా ఆవిడకూ మోకాళ్లే. 2016 డిసెంబరులో లూప్ అని పెట్టారు, పెద్ద పెద్ద గుండ్రటి పీపాలు 13. లోపల కూర్చుని, పాత రోజుల్లో రైలు పట్టాల మీద తోసుకుపోయే ట్రాలీకి ఉన్నట్టుండే పిడిని కిందికీ పైకీ ఆడించాలి. పీపా లోపలి గోడ మీద బొమ్మలు తిరుగుతాయి, దీపం టపటపా కొట్టుకుంటుంది, బొమ్మ నడిచినట్టు కనిపిస్తుంది. మా ఆవిడ పిండి రుబ్బిన చేతులతో పిడి పట్టుకుంది, ఇక వదల్లేదు. బయట వరుసలో ఉన్నవాళ్లకు నేను క్షమాపణలు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఫోనులో చూడవచ్చు అన్న మీవారికి ఒకటే ప్రశ్న. ఫోనులో తోసేది ఎవరు?

గోల్కొండవాసి

మాస్టారూ, బాగా చెప్పారు కానీ, ఇది మనకు కొత్తేమీ కాదు కదా. గోల్కొండ కోటలో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఎప్పటి నుంచో ఉంది, దానికి అమితాబ్ బచ్చన్ గొంతు కూడా ఉండేది. మనవాళ్లు విదేశం వెళ్లగానే ఊగుడు బల్లకు కూడా మురిసిపోతారు.

పాత లైటింగు మాస్టారు

అయ్యా, మురిసిపోయిన మాట నిజమే, కాదనను. గోల్కొండ ప్రదర్శన నేనూ చూశాను, రెండుసార్లు. దోమలు కుట్టినా కదలకుండా చూశాను. కాకపోతే ఆ పద్ధతి కూడా మొదట ఫ్రెంచివాళ్లదే. 1952లో ఫ్రాన్సులోని షాంబోర్ కోటలో పాల్ రాబెర్ ఊదాన్ మొదలుపెట్టాడు, తరువాత దేశదేశాల కోటలకూ పాకింది. అందులో మనం కూర్చుంటాం, గోడలు కథ చెబుతాయి. మీరు లేచి ఇంటికి పోయినా రాజుగారు యుద్ధం ఆపడు. ఇక్కడ మీరు లేచిపోతే ఆగిపోతుంది. అంతే తేడా.

ఒక లోటు మాత్రం ఒప్పుకుంటాను. వీటిల్లో కథ లేదు. నాటకాల వాణ్ని కదా, గంటసేపు రంగులు చూశాక "తరువాత ఏమైంది" అని అడగాలనిపిస్తుంది. తరువాత ఏమీ కాదు.

మీరు గోల్కొండ అన్నారు కనుక చెబుతున్నాను. అక్కడ ఈ కోవకు చెందినది సాయంత్రం ప్రదర్శన కాదు, కింద ద్వారం దగ్గర కొట్టే చప్పట్లు. ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. కింద ఒకరు ఉండాలి, పైన ఒకరు ఉండాలి. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. మనవాళ్లు వందల ఏళ్ల కిందట కట్టి పెట్టినదాన్ని మనం గైడుకు పది రూపాయలిచ్చి ఒకసారి కొట్టించి వచ్చేస్తున్నాం.

చలిచీమ (మాంట్రియల్ విద్యార్థి)

అక్కా, చలికి భయమైతే వేసవి వైపు కూడా ఆలోచించండి. ఆ చౌకుకు పక్కనే 2011 వసంతంలో డైలీ టూ లే జూర్ అనే ఇక్కడి బృందం 21 ఉయ్యాలలు పెట్టింది. ఒక్కో ఉయ్యాలకు ఒక్కో స్వరం, రాత్రిళ్లు పీట కింద దీపం ఉండేవి. పక్కవాళ్లతో ఒకే లయలో ఊగితేనే కొన్ని పాటలు వచ్చేవి, ఎవరికి వారు ఊగితే వచ్చేవి కావు. ఇప్పుడు ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి. దీనికోసం వాళ్లు జంతువుల ప్రవర్తన మీద పరిశోధించే ఆచార్యుడు ల్యూక్ ఆలాన్ జిరాల్డోతో కలిసి పనిచేశారట. మనుషుల్ని కలపడానికి జంతువుల నిపుణుడు. నాకు అది భలే నచ్చింది.

ఇంకొకటి, కోటికుక్ అనే ఊరి దగ్గర లోయలో ఫోరెస్టా లూమినా. మాంట్రియల్‌లోని మోమెంట్ ఫ్యాక్టరీ సంస్థ 2014లో మొదలుపెట్టిన రాత్రిపూట అడవి నడక. చెట్ల మధ్య వెలుగులు, సంగీతం, 169 మీటర్ల వేలాడే వంతెన. మాస్టారు అడిగిన కథ కూడా కొంత ఉంటుంది. అయితే అది వేసవి నుంచి శరదృతువు వరకే, టికెట్ ఉంది, రెండు కిలోమీటర్లకు పైగా ఎగుడుదిగుడు దారి. అమ్మగారి మోకాళ్లకు వద్దు.

కనకాంబరం

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి జవాబును అమ్మకు చదివి వినిపించాను. ఉప్పునీటి జాడీ దగ్గర "మా ఊళ్లో కూడా ఉండేది, మీ తాతయ్య నన్ను దగ్గరకు పోనిచ్చేవాడు కాదు" అని లేచి కూర్చుంది. మావారు ఏమీ అనలేదు, కారుకు గాలి కొట్టించుకొచ్చారు. శనివారం బయలుదేరుతున్నాం.

అమ్మవి రెండు సందేహాలు. ఎదురుగా తెలియనివాళ్లు కూర్చుంటే ఏమని పలకరించాలి? రెండోది, పట్టుచీర కట్టుకుంటానంటోంది, ఎంత చెప్పినా వినడం లేదు.

పాత లైటింగు మాస్టారు

"బోన్‌స్వా" (ఫ్రెంచిలో శుభ సాయంత్రం) అంటే చాలమ్మా. అనకపోయినా చాలు, తల ఊపితే అర్థమవుతుంది.

చీర విషయంలో మాత్రం గట్టిగా చెప్పండి. లోపల ఉన్ని లాగు, పైన మంచు ప్యాంటు, వాటిమీద చీర కడతానన్నా సరే, చీలమండ పైకి కట్టి కోటు కిందికి దోపుకోమనండి. పల్చటి చేతి తొడుగుల మీద మందపాటి తొడుగులు వేస్తే ఫొటో తీసేటప్పుడు పైవి మాత్రం తీయవచ్చు. మంచు కరగడానికి ఇక్కడ కాలిబాటల నిండా ఉప్పు చల్లుతారు. ఆ మురికి నీళ్లు అంచుకు తగిలితే తెల్లటి చారలు కడతాయి. మా ఆవిడ వెంకటగిరి చీరకు పట్టినవి రెండు ఉతుకులకు కూడా పోలేదు, ఆ నింద ఇప్పటికీ నా మీదే ఉంది. నన్ను ఉప్పునీళ్లు తెనాలి నుంచి ఇక్కడిదాకా వెంటాడుతున్నాయి.