ఆకలి లేకపోయినా తినకుండా ఉండలేకపోతున్నాను

బరువు తగ్గడానికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ ఆపరేషన్ చేయించుకుని 14 నెలలైంది. కడుపులో దాదాపు 80 శాతం తీసేశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను తగ్గడం వల్ల కాబోలు, నిజంగానే ఆకలి వేయదు. కానీ దిగులు కమ్మిన రాత్రి వంటగదిలోకి వెళ్లకుండా ఉండలేకపోతున్నాను. మాంసకృత్తులున్న గట్టి ఆహారమైతే నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. నోట్లో కరిగిపోయే తీపి మాత్రం ఎంతైనా జారిపోతుంది. గంటసేపు కొద్దికొద్దిగా తింటూనే ఉంటాను. అమ్మ పోయాక ఇది మరీ ఎక్కువైంది. 3 కిలోలు తిరిగి పెరిగాను, భయంగా ఉంది.

ఏం తినాలో డైటీషియన్ చెబుతున్నారు. ఎందుకు తింటున్నానో ఎవరికి చెప్పుకోవాలి? ఈ దశ దాటినవారు ఆ క్షణంలో ఏం చేశారు? మానసిక నిపుణుల దగ్గరికి వెళ్తే మేలు కనిపించిందా? దయచేసి మీ అనుభవం రాయండి.