‘ట్రివియల్’కి తెలుగులో ఏమనాలి?

నల్లకుంట నుంచి: ఇంటర్ లెక్కల నోట్సు తెలుగులో రాస్తున్నాను. సమఘాత సమీకరణాల దగ్గర ‘ట్రివియల్ సొల్యూషన్’ వచ్చింది. ‘తుచ్ఛ సాధన’ అని రాస్తే మా అమ్మాయి “పాపం సున్నా, ఏం చేసిందని తిడుతున్నావు నాన్నా” అంటోంది. వేరే మాట చెప్పండి.

మలక్‌పేట నుంచి: హైదరాబాద్‌లో ఉండి ఇంత టెన్షన్ ఎందుకన్నా? ‘లైట్ తీస్కో సాధన’ అని రాసెయ్.

తార్నాక నుంచి: మీ అమ్మాయి చెప్పింది నిజమే సర్. హిందీ పుస్తకాల్లో ‘తుచ్ఛ హల్’ అని మామూలుగా రాస్తారు. అదే మాట తెలుగులోకొచ్చేసరికి తిట్టయిపోతుంది.

చిక్కంతా ఇంగ్లీషు మాటలో ఉంది. బోర్డు దగ్గర మాస్టారు ‘ఇది ట్రివియల్’ అన్నారంటే, నాకు కొట్టిన పిండి, మీరే చేసుకోండి అని. (సగం సార్లు బెల్లు కొట్టే టైమైందని!) అది మనిషిని బట్టి మారుతుంది. సమీకరణాల్లో అలా కాదు. కుడివైపు అన్నీ సున్నాలైతే, గుణకాలు ఏవైనా సరే, ఎక్స్, వై, జెడ్ మూడింటికీ సున్నా వేస్తే చాలు, లెక్క కుదురుతుంది. దానివల్ల ఆ సమీకరణాల గురించి మనకు తెలిసేదేమీ లేదు. అది కాక ఇంకోటి ఉందా అన్నదే ప్రశ్న. మూడు సమీకరణాలు, మూడు చలరాశులైతే గుణకాల నిర్ధారకం (డిటర్మినెంట్) సున్నా అయినప్పుడే ఉంటుంది.

ఇక్కడికి ‘శూన్య సాధన’ అన్నా సరిపోతుంది. కానీ 1, 7 అనేవి 7కి ట్రివియల్ భాజకాలు. వాటిలో శూన్యమేముంది? ఏ సంఖ్య తీసుకున్నా 1, ఆ సంఖ్యా పిలవని చుట్టాల్లా వచ్చి కూర్చుంటాయి. అందుకే నేను ‘అయాచిత’ అంటాను. అయాచిత సాధన, అయాచిత భాజకాలు. రీమన్ జీటా ప్రమేయం (ఫంక్షన్) విలువ -2, -4, -6 ఇలా ప్రతి రుణ సరిసంఖ్య దగ్గరా సున్నా అవుతుంది, అవి అయాచిత శూన్యాలు. అవి ఎందుకు వస్తాయో ఇంటర్ పిల్లలకు మంచినీళ్ళ ప్రాయమేమీ కాదు, అయినా పేరు ట్రివియలే! మిగతావన్నీ ఒకే గీత మీద ఉంటాయని 1859లో రీమన్ ఊహించాడు. ఇప్పటికీ తేలలేదు.

గచ్చిబౌలి నుంచి: మేడమ్, ‘అయాచిత’ ఫిజిక్స్‌కి అతకదు. క్వాంటమ్ క్షేత్ర సిద్ధాంతంలో ఫై-ఫోర్ అని ఒక నమూనా ఉంది. కణాలు ఒకదాని మీద ఒకటి ప్రభావం చూపుతాయని సమీకరణంలో రాసుకుంటాం. తీరా లెక్క చివరిదాకా తీసుకెళ్తే ఆ ప్రభావం కాస్తా సున్నా అయి కూర్చుంటుంది, ఎవరి దారి వారిదే. దాన్నే ట్రివియల్ అంటారు. నాలుగు కంటే ఎక్కువ మితుల్లో (డైమెన్షన్లలో) ఇలా అవుతుందని ఐజెన్‌మన్, ఫ్రోలిష్ 1980ల మొదట్లోనే చూపించారు. సరిగ్గా నాలుగు మితుల సంగతి తేల్చిన ఐజెన్‌మన్, డ్యూమినిల్-కోపాన్ల వ్యాసం 2021లో వచ్చింది. ట్రివియల్ అని రుజువు చేయడానికి దాదాపు నలభై ఏళ్ళు! దీన్ని ‘ఉత్తి సిద్ధాంతం’ అందాం. ఉత్తి చేతులు అంటాం కదా, ఆ ఉత్తి.

మలక్‌పేట నుంచి: మరి ఆటలో? ఇంటూ-సున్నా ఆటలో ఇద్దరూ తప్పు చేయకపోతే డ్రా. గళ్ళ బల్ల మీద కాయలతో ఆడే చెకర్స్ కూడా అంతేనని 2007లో కెనడాలో షేఫర్ బృందం కంప్యూటర్లతో తేల్చింది. అదీ ట్రివియలేనా?

తార్నాక నుంచి: ఒప్పుకోను. చెకర్స్ తేలిపోయిన ఆట, అంతే. ఇంటూ-సున్నా మొత్తం ఒక పిల్లాడి బుర్రలో పడుతుంది. చెకర్స్‌లో గళ్ళ మీద కాయలుండే తీరులు 5 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని. ఏ బుర్రలో పడతాయి? చదరంగమైతే మరీ విచిత్రం. తెల్లవాళ్ళకి గెలుపు, నల్లవాళ్ళకి గెలుపు, డ్రా, ఈ మూడింట్లో ఏదో ఒకటి ముందే ఖాయమని లెక్క చెబుతుంది. ఏదో మాత్రం ఎవరికీ తెలియదు.

‘ఉత్తి’ నాకూ నచ్చింది, ఒక్క ఇబ్బంది తప్ప. ఖాళీ సమితి ప్రతి సమితికీ ఉపసమితి అన్నది ‘ట్రివియల్లీ ట్రూ’. దాన్ని ‘ఉత్తి నిజం’ అంటే? మన వైపు ‘ఉత్తిదే’ అంటే అబద్ధమని కదా!

గచ్చిబౌలి నుంచి: నిజమే, దొరికిపోయాను. ‘వట్టి’ అంటే?

నల్లకుంట నుంచి: సమీకరణాలకి ‘అయాచిత’ రాసేశాను. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న మాటే రాయమన్నాను, దిద్దేవాళ్ళు ఈ గ్రూపులో లేరు కదా.