సమస్య: “గుంట నడుమ కొండ గోచరించె” (పూరణలు, చర్చ)

నెలవంక (నిర్వాహకురాలు):
ఈ వారం పాదం ఇదండీ: గుంట నడుమ కొండ గోచరించె. రాత్రి టెలిస్కోప్‌లో చంద్రుడి మీది టైకో బిలం (రాయి గుద్దుకుని పడ్డ పెద్ద గుంట) చూసి డాబా దిగుతుంటే మెట్ల మీదే తట్టింది. చంద్రుడి మీదే పూరించండి. మందరపర్వతం, పాలసముద్రం మాత్రం వద్దు, పోయినసారి అందరూ అవే చిలికారు.

కలువపువ్వు:
నిండు పున్నమి నిశి నెలరాజుఁ గనుగొంటి
దుర్భిణీని పట్టి తొంగి చూసి
దక్షిణమున టైకొ తళతళ మెరయంగ
గుంట నడుమ కొండ గోచరించె.
తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

పాతగంటం:
యతులు కుదిరాయమ్మా, “తళతళ” దగ్గర నడక చక్కగా సాగింది. “పున్నమి నిశి” అని తెలుగు మాటకి సంస్కృతం అతికించడం నాకు రుచించలేదు, పోనీ అది వదిలేద్దాం. అసలు చిక్కు అక్కడే ఇంకోటుంది. పున్నమి నాడు టైకోలో కొండ కనపడదు. ఆ రాత్రి సూర్యుడు మన వీపు వెనకనుంచి కొడుతుంటాడు, అక్కడ పడ్డ నీడలు మన కంటికి చిక్కవు, నీడ కనపడకపోతే ఎత్తేదో పల్లమేదో తెలీదు. పున్నమికి కనపడేవి చారలు, టైకో నుంచి 1500 కి.మీ. దాకా చిమ్మిన తెల్లచారలు. కొండ మాత్రం ఆ వెలుగులో కలిసిపోతుంది.

కలువపువ్వు:
నిజమే గంటంగారూ, నేను చూసింది పున్నమికే. చారలు బ్రహ్మాండంగా కనిపించాయి, కొండ సంగతి చదివి తెలుసుకున్నదే. రెండూ కలిపేశాను.

రాతిచెలిమి:
రాయి తాకినంత రాతి నేలయె కుంగి
పాలలోన చుక్క పడిన యట్లు
అడుగు నణగి మఱల నంతలో పైకుబ్బ
గుంట నడుమ కొండ గోచరించె.

పాతగంటం:
రెండో పాదం చివర “యట్లు”, మూడో పాదం మొదట “అడుగు”, మధ్యలో విసంధి (సంధి కలపకుండా వదిలేశారు). “పడిన యట్టు / లడుగు” అనండి, యతి కూడా చెడదు. ఇంకోమాట, పాలలో లేచిన చుక్క తిరిగి పాలలో కలిసిపోతుంది కదా, కొండ నిలిచే ఉందే?

రాతిచెలిమి:
విసంధి ఒప్పుకున్నాను, దిద్దేశాను. పోలిక మాత్రం వదులుకోను. అంత వేగంగా గుద్దుకున్నప్పుడు రాయి కాసేపు ద్రవంలాగే నడుచుకుంటుంది, అణిగిన అడుగు ఎగదన్నుతుంది, అయితే పాలలాగ మళ్లీ కిందికి జారిపోయేలోపే గట్టిపడి అలాగే ఆగిపోతుంది, ఇదంతా నిమిషాల్లో అయిపోయే పని. టైకో కొండ బిలం అడుగునుంచి దాదాపు 2 కి.మీ. ఎత్తు. పైనుంచి వచ్చి పడింది కాదది, కింద లోతుల్లో ఉన్న రాయే పైకి వచ్చింది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే సంగతి అదే.

చుక్కలదారి:
చిన్న గుంటలన్ని చిప్పలై నునుపయ్యె;
గోడ మెట్లు మెట్లు కూలిపోయి,
పేరుగన్న టైకొ పెద్దది కాబట్టి
గుంట నడుమ కొండ గోచరించె.
ప్రతి గుంటలోనూ కొండ ఉండదని ఎవరో ఒకరు చెప్పాలిగా. చంద్రుడి మీద దాదాపు 15–20 కి.మీ. లోపు బిలాలు శుభ్రమైన చిప్పలు, వెడల్పులో ఇంచుమించు అయిదో వంతు లోతు. అది దాటితే గోడలు తమ బరువుకే జారి మెట్లు కడతాయి, నడుమ కొండ లేస్తుంది. టైకో వెడల్పు 85 కి.మీ., లోతు 4.7 కి.మీ., అంటే పద్దెనిమిదో వంతు. చిప్ప కాదు, పళ్లెం.

పాతగంటం:
“చిప్ప” మాట భేష్. కానీ ఇద్దరూ టైకోని “టైకొ” చేసేశారు. డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహే పేరది, గణం కోసం దీర్ఘం కొట్టేస్తారా?

చుక్కలదారి:
సీతాని సీత, గంగాని గంగ చేసుకున్న భాష అన్నా మనది. అక్షరం సంగతి సరే, “నీడ లేని చోట నిదుర లేదు” పూరణలో మీరు చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి షాకిల్టన్ బిలం మొత్తాన్నీ చీకట్లో ముంచారు, అది మాత్రం నేను మర్చిపోలేదు. చీకటి దాని అడుగుకే, అంచు మీద కొన్నిచోట్ల ఏడాదిలో ఎక్కువకాలం ఎండ ఉంటుంది.

పాతగంటం:
నేను “అడుగు” అనే అన్నాను తమ్ముడూ, పద్యం మళ్లీ చదువు. 2008 నవంబరు 14న చంద్రయాన్-1 వదిలిన మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ షాకిల్టన్ దగ్గర్లో పడిన రాత్రి టీవీ ముందునుంచి లేవలేదు నేను, దాని అంచేదో అడుగేదో నాకు తెలుసు.

నెలవంక:
షాకిల్టన్ తగువు ఆ పాత దారంలోనే తేల్చుకోండి, ఇక్కడ వద్దు. గంటంగారూ, మీ పూరణ ఏదీ?

పాతగంటం:
కొండ కొనను రాయి కూరుచున్నది చూడు
గోపురమ్ము మీది కుండవోలె
మీటరులను నూరు మించిన బండతో
గుంట నడుమ కొండ గోచరించె.
ఎల్‌ఆర్‌ఓ అనే నాసా చంద్రనౌక 2011లో తీసిన ఫొటో చూసి రాశాను. కొండ నెత్తిన దాదాపు 120 మీటర్ల బండ ఒక్కటే కూర్చునుంది.

చుక్కలదారి:
గోపురం మీది కుండ చూసి లేచి నిలబడ్డాను, ఒప్పుకోక తప్పదు. కానీ మొదటి పాదంలో “రాయి”, మూడోదాంట్లో “బండ”, రెండూ ఒకటే. ఇదే పని నేను చేస్తే మీరు పునరుక్తి అని ఎర్రసిరా పెట్టేవారు.

పాతగంటం:
పెట్టేవాడినే. సరైన మాట.

నెలవంక:
అన్నీ బాగున్నాయి గానీ ఒక్కటి అడుగుతాను. అందరూ గుంట పట్టుకున్నారు, కొండ పట్టుకున్నారు, “గోచరించె” ఎవరూ పట్టుకోలేదు. నాకు పాదం పుట్టింది ఆ మాట దగ్గరే. టైకో మనకి కనిపించే ముఖం నిలువు నడిమి గీతకి 11 డిగ్రీలు పడమర. అష్టమి సగానికి సూర్యోదయం ఆ నడిమి గీత మీద ఉంటుంది, అక్కణ్ణుంచి తిథికి 12 డిగ్రీల చొప్పున పడమరకి జరుగుతుంది, కాబట్టి టైకోలో తెల్లవారేది శుక్ల నవమికి. నేను చూసిందీ నవమి రాత్రే. బిలం అంతా సిరా పోసినట్టు నల్లగా ఉంది, పడమటి గోడ ఒక్కటే వెలుగుతోంది, నలుపు మధ్యలో ఆవగింజంత తెల్లచుక్క. అడుక్కి ఇంకా ఎండ దిగలేదు, కొండ కొనకి తగిలింది. కాసేపటికి ఆ చుక్క కొంచెం లావయింది, కన్ను తీయబుద్ధి కాలేదు.

కలువపువ్వు:
అక్కా, ఇది చదివాక నా పద్యం మొత్తం మార్చేశాను.
నవమి నాటి రేయి నా చందమామలో
నెండ సోకకుండ నింక నడుగు
మొదటి వెలుగు తాకి ముత్యమై మెరయుచు
గుంట నడుమ కొండ గోచరించె.

రాతిచెలిమి:
ముత్యమై! నా పాలచుక్క కన్నా ఇదే నయం.

పాతగంటం:
“లో / నెండ”, “నింక నడుగు”, ద్రుతాలన్నీ ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయి. “నా చందమామ”లో ఆ “నా” యతి కోసం వచ్చినట్టు లేదు, మనసులోంచి వచ్చింది. ఈ వారం పద్యం ఇదే, నాది పక్కన పెట్టండి. నెలవంకగారూ, ఆ చుక్క కనపడాలంటే టెలిస్కోప్ ఎంతది కావాలి?

నెలవంక:
నాది ఆరంగుళాలది. వచ్చే నవమికి మబ్బు లేకపోతే మా డాబాకి వచ్చేయండి, చుక్కలదారిని కూడా పిలిచాను.