షాపు పేరు వెనక ‘ఏసీ రిపేర్ విజయవాడ’ అని తగిలించొచ్చా?

పటమట_కూలింగ్
అన్నలూ, ఈ సంగతి కాస్త తేల్చండి. పటమటలో మాది ఏసీ, ఫ్రిజ్ రిపేర్ షాపు. బోర్డు మీద అమ్మవారి పేరు, పక్కన ‘రిఫ్రిజిరేషన్ వర్క్స్’. నాన్న పెట్టిన పేరు. గూగుల్ మ్యాప్స్‌లోనూ అదే ఉంది. నిన్నగాక మొన్న షాపు తెరిచినవాళ్లు పేరు వెనక ‘బెస్ట్ ఏసీ రిపేర్ సర్వీస్ ఇన్ విజయవాడ’ అని తోక తగిలించుకుని పైన కూర్చున్నారు. బెంజ్ సర్కిల్‌లో నిలబడి వెతికినా మొదటి మూడింటిలో మేం లేం. మాకు సంపాదనంతా ఎండాకాలం నాలుగు నెలలే. ఆన్‌లైన్ ప్రచారం చేసిపెట్టే ఒక ఏజెన్సీ కుర్రాడొచ్చి ‘ముందు పేరు మార్చేద్దాం సార్, అందరూ చేసేదే’ అంటున్నాడు. తమ్ముడు సరే అంటున్నాడు, నాన్న ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?

బందరురోడ్_బ్రో
మార్చేయ్ అన్నా, ఇందులో ఆలోచించేదేముంది? సిగ్నల్ దగ్గర నువ్వొక్కడివే బుద్ధిగా ఆగితే వెనకవాడు హారన్ కొట్టి పక్కనుంచి దూరిపోతాడు. రోహిణీ కార్తెలో ఏసీ ఆగినవాడు మీ నాన్నగారి మంచితనం చూడడు, పైన కనపడిన నంబర్‌కి కొడతాడు.

మ్యాప్స్_పనివాడు
ఈ పనే నా ఉపాధి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పేరులో ఆ మాటలు పెడితే పని చేస్తుంది. చెయ్యదనేవాళ్లని నమ్మొద్దు. 2021 డిసెంబర్‌లో గూగుల్ స్థానిక ఫలితాల్లో మార్పు వచ్చింది. ఈ రంగంలోవాళ్లు దాన్ని విసినిటీ అప్‌డేట్ అంటారు. వెతికేవాడికి ఎంత దగ్గరగా ఉన్నామన్న దానికి అప్పట్నుంచి విలువ పెరిగింది, పేరుకున్న మహిమ కాస్త తగ్గింది. పూర్తిగా పోలేదు.

అయినా నేను వద్దనే అంటాను. నీతికోసం కాదు, లెక్కకోసం. గూగుల్ నియమం ఏమిటంటే, బోర్డు మీద, బిల్లు మీద, జనం నోట్లో ఏ పేరుందో మ్యాప్‌లోనూ అదే ఉండాలి. ఊరి పేరు, సర్వీసు పేరు అదనంగా తగిలించకూడదు. తగిలిస్తే ఎవరైనా మ్యాప్‌లో ‘సజెస్ట్ యాన్ ఎడిట్’ (మార్పు సూచించే బటన్) నొక్కి తీయించొచ్చు. మరీ ఎక్కువైతే గూగుల్‌లో మీ షాపు ప్రొఫైలే సస్పెండ్ అవుతుంది. అది ఏప్రిల్‌లో జరిగిందనుకోండి, అప్పీలు పెట్టుకుని జవాబు కోసం కూర్చునేసరికి సీజన్ కాస్తా అయిపోతుంది. మీ వ్యాపారానికి అసలు ప్రమాదం అక్కడుంది. ఏడాది పొడుగునా నడిచే టిఫిన్ సెంటర్‌కి నెల పోయినా తట్టుకుంటుంది. మీకలా కుదరదు.

ఇంకోటి అడుగుతాను. ప్రొఫైల్‌లో మీ ప్రైమరీ కేటగిరీ, అంటే మీది ముఖ్యంగా ఏ రకం వ్యాపారమని ఏముంది?

పటమట_కూలింగ్
ఇప్పుడే చూశానన్నా. ‘రిఫ్రిజిరేటర్ స్టోర్’ అని ఉంది. ప్రొఫైల్ పెట్టిన కుర్రాడు ఏది ముందు కనపడితే అది నొక్కినట్టున్నాడు.

మ్యాప్స్_పనివాడు
దొరికింది. ఫ్రిజ్‌లు అమ్మే షాపనుకుంటోంది గూగుల్ మిమ్మల్ని. ‘ఎయిర్ కండిషనింగ్ రిపేర్ సర్వీస్’ని ప్రైమరీ చేయండి. దానికి తోడు ఇంకో తొమ్మిది కేటగిరీల దాకా పెట్టుకోవచ్చు గానీ తొమ్మిదీ నింపాలని లేదు. ఫ్రిజ్ రిపేర్, వాషింగ్ మెషిన్ రిపేర్ చేస్తే అవి చాలు. పేరు జోలికి పోకుండానే సగం పని అయిపోతుంది. ఏజెన్సీవాళ్లు ఇది చూడకుండా పేరు మీద ఎందుకు పడ్డారో నాకైతే అర్థం కాలేదు.

బందరురోడ్_బ్రో
కేటగిరీ మారిస్తే ఫోన్లు మోగుతాయా? మా బావమరిదిది భవానీపురంలో ఇదే బిజినెస్. పేరు మార్చాడు, వారం తిరక్కుండా గొల్లపూడి నుంచి, బ్యారేజీ అవతల తాడేపల్లి నుంచి కూడా కాల్స్ వచ్చాయి. ఇప్పటికీ ఎవడూ ఏమీ అనలేదు. ఈ సస్పెన్షన్ కథలన్నీ మీలాంటి కన్సల్టెంట్లు భయపెట్టడానికి చెప్పేవి.

ఆటోనగర్_సీనియర్
తాడేపల్లి నుంచి కాల్ వస్తే సంబరమా తమ్ముడూ? మండుటెండలో కుర్రాడు బండేసుకుని బ్యారేజీ దాటి వెళ్లాలి. తీరా చూస్తే స్టెబిలైజర్ స్విచ్ ఆఫ్‌లో ఉంటుంది. చేతికొచ్చేది విజిట్ ఛార్జీ, అదీ బేరమాడాక. ఆ టైమ్‌లో పటమటలోనే రెండు వాటర్ సర్వీసులు (ఏసీని నీళ్లతో కడగడం), ఒక గ్యాస్ ఫిల్లింగ్ అయిపోయేవి. కాల్స్ లెక్కపెట్టుకుని మురిసిపోవడం కాదు, రోజు చివర గల్లాపెట్టెలో ఎంతుందో చూసుకోవాలి. సీజన్‌లో మాకు కరువు మనుషులకే, ఫోన్లకి కాదు.

బందరురోడ్_బ్రో
పెద్దాయన మాట కాదనను సార్. కానీ అది నలుగురు మెకానిక్‌లు, పాత ఖాతాలు ఉన్నవాళ్లు చెప్పే మాట. కొత్తగా షాపు పెట్టినవాడికి ఏ కాలైనా మహాప్రసాదమే.

కృష్ణలంక_గృహిణి
ఫోన్ చేసేవాళ్ల తరఫున నేనొక మాట చెప్పొచ్చా అండి? పోయిన వేసవిలో మా స్ప్లిట్ ఏసీ కూలింగ్ ఆగిపోతే, అలాంటి పొడుగాటి పేరున్న నంబర్‌కే చేశాను. ఎత్తినావిడకి కృష్ణలంక ఎక్కడో తెలీదు. పిన్‌కోడ్ చెప్పమంది. వచ్చినతను పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) పోయిందని విప్పి పట్టుకెళ్లాడు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మా వారు తిరగని చోటు లేదు. మ్యాప్‌లో చూపించిన అడ్రస్‌కి వెళ్తే అక్కడ షాపే లేదు, ఎవరిదో ఇల్లు. అప్పట్నుంచి పేరులో ‘బెస్ట్’ అని ఉంటే ఆ నంబర్‌కి చేయను. రివ్యూలు చదువుతాను. వాటిలోనూ ‘గుడ్ సర్వీస్’, ‘నైస్’ అని ఉన్నవి వదిలేస్తాను. ‘రామలింగేశ్వరనగర్ వచ్చి గ్యాస్ లీక్ పట్టుకున్నారు, పాత పార్ట్ చేతికిచ్చారు’ అని ఎవరైనా రాస్తే, అదీ నాకు నమ్మకం.

మ్యాప్స్_పనివాడు
అమ్మా, మీరు చెప్పింది మెషిన్‌కి కూడా పనికొచ్చే మాటే. రివ్యూలో ‘గ్యాస్ ఫిల్లింగ్’ అని కస్టమరే రాస్తే, ఎవరైనా అదే వెతికినప్పుడు ఆ రివ్యూ ముక్కని గూగుల్ లిస్టింగ్ కిందే చూపిస్తుంటుంది. షాపువాడు పేరులో ఇరికించాలనుకున్న మాటని కస్టమర్ ఉచితంగా రాసిపెడుతున్నాడన్నమాట. పని అయిన వెంటనే రివ్యూ లింకు వాట్సాప్‌లో పంపి, ఏం పని చేశామో రెండు ముక్కలు రాయమని అడగండి చాలు.

అయితే రివ్యూ రాస్తే వంద తగ్గిస్తామనడం మాత్రం వద్దు. డబ్బో డిస్కౌంటో ఇచ్చి రాయించుకోవడాన్ని గూగుల్ ఒప్పుకోదు. సంతోషంగా ఉన్నవాళ్లనే ఏరి అడగడం కూడా దాని లెక్కలో తప్పే. మన దగ్గర ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ కూడా 2022లో ఆన్‌లైన్ రివ్యూలకి ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. తెచ్చినప్పుడు అది స్వచ్ఛందమే, కంగారు పడకండి.

ఇక ఆ అడ్రస్ సంగతి. బంధువుల ఇంటి అడ్రస్‌తో పేటకో లిస్టింగ్ పెట్టడం పేరులో తోక కంటే పెద్ద తప్పు. కస్టమర్లు రాని చోటైతే అడ్రస్ దాచి, మీరు వెళ్లే ప్రాంతాలు పెట్టుకోవచ్చు, ఇరవై దాకా. అలాగని ఇరవై పేటలు పెడితే ఇరవై చోట్లా పైకి వస్తామని ఆశపడొద్దు.

బ్రాడీపేట_ప్రింటర్
గుంటూరు నుంచి. సస్పెన్షన్ కట్టుకథ కాదు బ్రదర్. మా లైన్‌లో ఒకాయనకి జరిగింది. మ్యాప్‌లో షాపు మాయం, దాంతోపాటు ఏళ్లనాటి రివ్యూలూ కనపడకుండా పోయాయి. అప్పీలులో రుజువులు అడిగారు: లైసెన్సు, కరెంటు బిల్లు లాంటివి. ఆ ఫారం తెరిచాక గంటలో అప్‌లోడ్ చేయాలి. ఈయన కరెంటు బిల్లేమో ఇంటి ఓనర్ పేరు మీద, ట్రేడ్ లైసెన్సేమో పాత పేరు మీద! పేరు మార్చినా మార్చకపోయినా ఆ కాగితాలు ఒక ఫోల్డర్‌లో సిద్ధంగా పెట్టుకోండి.

ఫ్లెక్సీలు, బోర్డులు వేసేవాణ్ణి కాబట్టి ఇంకో దారి చెప్తాను. మ్యాప్‌లో పేరు మార్చడమెందుకు, బోర్డే మార్చండి. ‘రిఫ్రిజిరేషన్ వర్క్స్’ అంటే ఈ కాలం పిల్లలకి ఐస్ ఫ్యాక్టరీ అనిపిస్తుంది. అమ్మవారి పేరు అలాగే ఉంచి ‘ఏసీ రిపేర్స్’ అని పెట్టండి. బిల్లు బుక్కులో, జీఎస్టీ ట్రేడ్ పేరులో, విజిటింగ్ కార్డులో కూడా మార్చండి. అప్పుడు మ్యాప్‌లో అదే పెడితే ఎవడేమంటాడు?

మ్యాప్స్_పనివాడు
ఇది సక్రమమైన దారే. నిజంగా ఆ పేరుతోనే వ్యాపారం చేస్తే నియమం అడ్డురాదు. ఫొటో కోసం ఒక ఫ్లెక్సీ కట్టి మర్నాడు విప్పేస్తే మాత్రం పాత కథే. ‘విజయవాడ’, ‘బెస్ట్’ బోర్డు మీదా వద్దు.

ఆటోనగర్_సీనియర్
నాన్నగారు ఒప్పుకుంటారా అన్నదే ప్రశ్న. పాత ఖాతాదారులు ఆ పేరుతోనే పిలుస్తారు మరి.

పటమట_కూలింగ్
అమ్మవారి పేరు తియ్యకుండా ఉంటే ఆలోచిస్తానన్నారు. ముందు కేటగిరీ మార్చేశాను. పనివేళలు కూడా పాతవే ఉన్నాయి, సరిచేశాను. తమ్ముడు 24 గంటలూ ఓపెన్ అని పెట్టమంటున్నాడు, దాని వల్ల లాభముందా?

మ్యాప్స్_పనివాడు
వెతికే సమయానికి తెరిచి ఉన్న షాపులకి కొంత మొగ్గుంటుంది, అది నిజం. కానీ రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే మనిషి ఉంటేనే పెట్టండి. ఎత్తకపోతే పొద్దున్నకల్లా ఒక్క స్టార్ రివ్యూ రెడీగా ఉంటుంది. ఏజెన్సీ నంబర్ వన్ గ్యారంటీ అంటే అక్కడే దండం పెట్టి పంపేయండి. ప్రొఫైల్ ఉచితం. ఆ స్థానిక ర్యాంకు కోసం తాను డబ్బు తీసుకోనని గూగులే చెబుతోంది. ప్రకటన ఇచ్చుకోవచ్చు, అది వేరే సంగతి.

బందరురోడ్_బ్రో
సరే, ఇతను బుద్ధిగా ఉన్నాడు. మరి ఆ పైనున్నవాళ్ల సంగతో? రిపోర్ట్ కొట్టేద్దామా అందరం కలిసి?

కృష్ణలంక_గృహిణి
అడ్రస్ లేనివాణ్ణి కొట్టండి, నేనూ కొడతాను.

ఆటోనగర్_సీనియర్
దొంగ అడ్రస్‌వాళ్లని సరే. పేరులో తోక ఉన్నవాడు మాత్రం మన పక్క వీధివాడే. సీజన్‌లో కెపాసిటర్ అయిపోతే వాడి షాపుకే పరిగెత్తుతాం. ముందు ఒక ఫోన్ చేసి చెప్పండి, తీసేస్తే తీసేస్తాడు.

బందరురోడ్_బ్రో
తియ్యడు సార్.

ఆటోనగర్_సీనియర్
తియ్యకపోతే అప్పుడు చూద్దాం. బావమరిదికి కూడా చెప్పు.